నీలంరేవు ఆఫీసులో రిజిస్ట్రీ శుద్ధి

పడవల అనుమతుల మండలి కమిషనర్ గారు ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని వియ్యంకుడి షష్టిపూర్తి ఫొటోలు చూసుకుంటూ ఉండగా కంప్యూటరు తెర మీద ఒక ఎర్రపెట్టె ఊడిపడింది. "మీ రిజిస్ట్రీ ప్రమాదంలో ఉన్నది. వెయ్యికి పైగా లోపాలు కనుగొనబడినవి. వెంటనే శుభ్రపరచండి" అని అందులో రాసి ఉంది. ఆయన ఉద్యోగజీవితమంతా తాఖీదులు రాయడంలోనూ, అందుకోవడంలోనూ గడిచింది. 'కనుగొనబడినవి', 'వెంటనే' అన్న మాటలు చూడగానే ఎవరో పైఅధికారి రాసినట్టే అనిపించి, భయభక్తులతో నొక్కమన్న చోటల్లా నొక్కారు. కంప్యూటరు ఒకసారి ఆరిపోయి మళ్లీ వెలిగింది. ఫొటోలు ముందుకన్నా చురుగ్గా కదిలినట్టు తోచింది. భార్యను పిలిచి చూపించారు.

"అవునండీ, వదినగారి చీర అంచు కూడా బాగా తేలింది" అన్నదావిడ.

మర్నాడే తీరప్రాంత కార్యాలయాలన్నిటికీ ఉత్తర్వు వెళ్లింది.

"కంప్యూటరు నందు రిజిస్ట్రీ అనబడు అంతర్భాగము కలదనియు, అందు కాలక్రమేణ పేరుకొను లోపముల వలన ప్రజాసేవ మందగించుచున్నదనియు మండలి దృష్టికి వచ్చినది. కావున ఎల్ల కార్యాలయములు తగిన శుద్ధి సాఫ్ట్‌వేరును ఎంపిక చేసికొని, సురక్షితముగా వినియోగించి, తొలగించిన లోపముల సంఖ్యను ప్రతిదినము నివేదించవలెను. అధిక లోపములను తొలగించిన కార్యాలయము ఉత్తమ కార్యాలయముగా పరిగణింపబడును."

ఈ ఉత్తర్వు నీలంరేవు ఆఫీసుకు చేరేసరికి సముద్రంలో వేట నిషేధం నడుస్తోంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా వేసవిలో పడవల్ని ఒడ్డెక్కించేస్తారు. నిషేధం ఎత్తివేసే నాటికి ప్రతి పడవకూ ఆ ఏటి అనుమతిపత్రం చేతిలో ఉండాలి. అది ఇచ్చేది ఈ ఆఫీసే. కంప్యూటర్లు పాతవే అయినా పడవ పేరు కొడితే వివరాలు వచ్చేవి, మీట నొక్కితే పత్రం అచ్చయ్యేది. జనం దండం పెట్టి పట్టుకుపోయేవారు. అంతవరకూ ఆ ఆఫీసు గురించి చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు.

ఆఫీసు పెద్ద ఉపసంచాలకులు కూర్మనాథం గారు. మనిషి మంచివాడే గాని, ప్రమోషను ఆయన్ని పిలుస్తూ పిలుస్తూ ప్రతి ఏడూ పక్క ఊరు కొత్తలంక ఆఫీసు వాళ్లింటికి వెళ్లిపోతోంది. ఉత్తర్వు రెండుసార్లు చదివి, కంప్యూటర్ల విభాగం చూసే సూర్యకళను పిలిపించారు.

"ఏమ్మా, మన రిజిస్ట్రీ పరిస్థితేమిటి?"

"బాగానే ఉందండి. ఏ ప్రోగ్రాం ఎక్కడుంది, దాన్నెలా తెరవాలి, ప్రింటరు ఏది అని కంప్యూటరు తన కోసం తాను గుర్తు పెట్టుకునే చోటండి అది. తీసేసిన ప్రోగ్రాముల తాలూకు ముక్కలు కొన్ని మిగిలితే మిగలొచ్చు. వాటివల్ల నష్టం లేదు. మెషిన్లు నడుస్తున్నాయి కదండీ, చెయ్యి పెట్టకపోవడమే మంచిది."

"నడుస్తున్నాయని రాయడానికి నివేదికలో గడి లేదమ్మా" అన్నారు కూర్మనాథం గారు విచారంగా.

సాఫ్ట్‌వేరు ఎంపికకు ఒక కమిటీ వేశారు. కూర్మనాథం గారు అధ్యక్షులు, సూపరింటెండెంటు భీష్మారావు గారు సభ్యులు, సూర్యకళ మీటలు నొక్కడానికి. మూడు సాఫ్ట్‌వేర్లను తెచ్చి ఒకే కంప్యూటరు మీద ఒకదాని తర్వాత ఒకటి పరీక్షకు నిలబెట్టారు.

మొదటిది కాసేపు వెతికి, "చెప్పుకోదగ్గ లోపాలేమీ లేవు" అంది.

"ఇది పని దొంగ" అన్నారు భీష్మారావు గారు. దాన్ని అనర్హమైనదిగా ప్రకటించారు.

రెండోది కొద్దిపాటి లోపాలు చూపించి, ఒక్కొక్కదాని దగ్గరా ఆగి, "దీన్ని తీసెయ్యమంటారా? తీసేముందు నకలు దాచమంటారా?" అని అడిగింది.

"అడుగుతోందండి. ఇదే నయం. ఏం తీస్తున్నామో మనం చదువుకుని తీయొచ్చు" అంది సూర్యకళ.

"చదివి, ఆలోచించి, నిర్ణయం తీసుకోవడం మన స్థాయిలో పని కాదమ్మా. అది హెడ్డాఫీసు వారి అధికార పరిధి" అని కూర్మనాథం గారు దాన్నీ పక్కన పెట్టించారు.

మూడోదాని పేరు 'మహామార్జని', అంటే పెద్ద చీపురు. అది ఎక్కడిదో, ఎవరు తయారు చేశారో దాని మీద రాసి లేదు. తెరవగానే బూర ఊదినట్టు కుయ్యిమంది, తెరంతా ఎర్రబడింది. వేల కొద్దీ లోపాలు వర్షంలా కురిశాయి. వాటన్నిటినీ తుడిచి, సూర్యకళ వెంటనే మళ్లీ వెతికించింది. మళ్లీ అన్ని వేలూ కనిపించాయి.

"చూశారా అండీ, ఇప్పుడే తుడిచాం. అంతలోనే అన్ని లోపాలెలా వస్తాయి? ఇది ఊరికే భయపెడుతోందండి."

"నువ్వలా చూస్తున్నావు. నేను దాని అంకితభావం చూస్తున్నాను. ఎంత తుడిచినా తృప్తి లేదు దానికి!" అన్నారు కూర్మనాథం గారు. మహామార్జని ఏకగ్రీవంగా ఎంపికైంది.

ఇక ఉత్తర్వులో 'సురక్షితముగా' అన్న మాట మిగిలింది. ఆ బాధ్యత భీష్మారావు గారు తీసుకున్నారు. ప్రతి కంప్యూటరు పక్కనా ఎర్రరంగు బాల్చీలో ఇసుక పెట్టించారు. గోడకు ప్రథమ చికిత్స పెట్టె కొట్టించారు. శుద్ధి జరిగేటప్పుడు గర్భిణులూ గుండెజబ్బు ఉన్నవారూ గదిలో ఉండరాదని బోర్డు రాయించారు.

"సురక్షితం అంటే అది కాదండి. తుడిచే ముందు ఉన్నదున్నట్టుగా బ్యాకప్ తీసి పెట్టుకోవాలి. ఏదైనా పాడైతే వెనక్కి తెచ్చుకోవచ్చు" అంది సూర్యకళ.

"ఇసుకతో పాటు అదీ తియ్యి. ఎందుకైనా మంచిది" అన్నారాయన. ఆమె అన్ని కంప్యూటర్ల బ్యాకప్పూ ఒక డిస్కులోకి తీసి బీరువాలో పెట్టింది.

శుద్ధి మొదలైన రోజే మైలపల్లి నూకరత్నం ఆఫీసుకు వచ్చింది. భర్త పోయాక ఆమే పడవ యజమాని. మరిది ఎల్లాజీ పడవ నడుపుతాడు, చేపలు ఆమె అమ్ముతుంది. నిషేధమున్నంత కాలం ఇద్దరూ కూర్చుని వల బాగుచేసుకున్నారు, పడవకు రంగు వేయించారు. అనుమతిపత్రం ఒక్కటే బాకీ.

"అమ్మా, నా పర్మిట్టు" అంది గుమ్మంలో నిలబడి.

"మెషిన్లు శుద్ధిలో ఉన్నాయి. రేపు రా" అన్నారు భీష్మారావు గారు.

నూకరత్నం ఇసుక బాల్చీల వంక చూసింది. "ఏటి బాబూ, అంటుకుంటాదా ఏటి?"

"అంటుకోకూడదనే."

మర్నాడు వస్తే, కొత్తలంక ఆఫీసు మనకన్నా ఎక్కువ లోపాలు తీసిందని, మనం రెండోవిడత తుడుస్తున్నామని చెప్పారు. ఆ తర్వాత వస్తే మూడోవిడత. నూకరత్నం వరండాలో గోనెపట్టా పరుచుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది.

అసలు చిక్కు వీడియో కాన్ఫరెన్సుల్లో వచ్చింది. ప్రతి సాయంత్రం కమిషనర్ గారు తెర మీద కనపడి ఆఫీసుల వారీగా లోపాలు చదివేవారు. నీలంరేవు సంఖ్య ఏరోజైనా తగ్గితే కనుబొమ్మలు ఎత్తి, "ఏం కూర్మనాథం, లోపాలు లేవా, తీసే ఉద్దేశం లేదా?" అని అడిగేవారు. కొత్తలంక వాళ్లు మాత్రం రోజురోజుకీ పెరుగుతున్నారు.

"కొత్తలంకకు అన్ని లోపాలు ఎక్కడివమ్మా? వాళ్లకున్న కంప్యూటర్లు మనకన్నా తక్కువే!" అని కూర్మనాథం గారు అన్నం సహించక తలపట్టుకున్నారు.

ఆయన అవస్థ చూడలేక, విసుగులో సూర్యకళ నోరు జారింది. "వాళ్లు ఏవో కొత్తవి ఎక్కించి మళ్లీ తీసేస్తుంటారండి. అలా చేస్తే ముక్కలు మిగులుతాయి. వాటిని లోపాలని లెక్కేస్తుంది."

కూర్మనాథం గారు ఆమె వంక దేవత ప్రత్యక్షమైనట్టు చూశారు.

ఆ మధ్యాహ్నమే నీలంరేవు ఆఫీసులో లోపాల ఉత్పత్తి విభాగం వెలిసింది. సిబ్బందిని రెండు జట్లు చేశారు. పొద్దున జట్టు పేకాటలు, జాతకాలు, వంటల పుస్తకాలు, పెళ్లి సంబంధాలు, ఏవి దొరికితే అవి కంప్యూటర్లలో ఎక్కించేది. మధ్యాహ్నం జట్టు వాటిని తీసేసి, మిగిలిన ముక్కల్ని మహామార్జనికి మేతగా వేసేది. ఎక్కించినది నిజంగా ఎక్కిందో లేదో పరీక్షించాలని భీష్మారావు గారు పట్టుబట్టడంతో పొద్దున జట్టు పేకాట ఆడితీరవలసి వచ్చింది. భోజనం వేళయినా లేవకుండా ఆడిన గుమాస్తాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. పర్మిట్ల దరఖాస్తులు తీసుకునే కిటికీ మూసేశారు. లోపాలు పుట్టించేచోట జనం తొక్కిడి ఉంటే ఏకాగ్రత కుదరదని కూర్మనాథం గారు నోటు రాశారు.

నూకరత్నం సూర్యకళ దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగింది.

"అమ్మా, సిన్నదానివైనా నువ్వే సెప్పు. మా ఎల్లాజీ పర్మిట్టు రాకపోతే గుజరాతులో వేరావల్ ఎలిపోతానంతన్నాడు, అక్కడ ఒకడి బోట్లో కూలికి. ఎలిపోతే ఆడు మళ్లీ ఎప్పుడొత్తాడో తెల్దు. ఆడు లేకపోతే నా పడవ ఇసక్లో సావడమే. ఒక్కటి, నా ఒక్క కాయితం తీసియ్యలేవా?"

సూర్యకళకు మనసు ఆగలేదు. పేకాట మూయించి, పడవల అనుమతుల ప్రోగ్రాం మీద నొక్కింది. అది తెరుచుకోలేదు. మరో కంప్యూటరు చూసింది. అదీ లేదు. ప్రింటరు తనెవరో తెలియనట్టు ఊరుకుంది. మహామార్జని చెత్తతో పాటు దారులన్నీ తుడిచేసింది. పడవల వివరాలు లోపల ఎక్కడో భద్రంగానే ఉన్నాయిగాని, వాటిని తెరిచే ప్రోగ్రాముకు తాను ఎక్కడుందో తనకే తెలియడం లేదు.

"రేపటికి తీస్తాను నూకరత్నమ్మా. నా దగ్గర బ్యాకప్ ఉంది" అని ఆమె ధైర్యం చెప్పింది.

కాని ఆ రేపు హెడ్డాఫీసు నుంచి తనిఖీ అధికారిణి వచ్చింది. పేరు త్రిపురాంబ గారు. తప్పు పట్టకుండా తిరిగివెళ్లిన ఊరు లేదని ప్రతీతి. బీరువా తెరిపించి, బ్యాకప్ డిస్కును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "ఇదేమిటి?" అంది.

"తుడవడానికి ముందు కంప్యూటర్లు ఎలా ఉన్నాయో దాని నకలండి" అంది సూర్యకళ.

"అంటే లోపాలతో సహా?"

"అన్నిటితో సహా అండి. అందుకే కదండీ..."

"అంటే తొలగించినట్టు నివేదించిన లోపాలను మీరు బీరువాలో దాచిపెట్టుకున్నారన్నమాట!"

సూర్యకళ ఇంకా ఏదో చెప్పబోతే, "నువ్వాగమ్మా" అని కూర్మనాథం గారే ఆపేశారు. త్రిపురాంబ గారు అక్కడికక్కడే పంచనామా రాయించింది. ప్రభుత్వం వారు ఒకపక్క చెత్తను తొలగించమంటూ ఉండగా, ఆ చెత్తనే తాళం వేసి కాపాడడం తీవ్రమైన క్రమశిక్షణారాహిత్యం అని రాసింది. డిస్కును ఇద్దరు సాక్షుల ఎదుట చితగ్గొట్టించి, ముక్కల్ని భీష్మారావు గారి ఇసుక బాల్చీలో పూడ్పించింది. బాల్చీ పెట్టిన ముందుచూపుకు ఆయనను మెచ్చుకుంది కూడా.

ఆ సాయంత్రం శుద్ధి మళ్లీ నడిచింది. కొత్తలంకను ఎలాగైనా దాటాలని కూర్మనాథం గారు అన్ని కంప్యూటర్లలోనూ ఒకేసారి నడిపించారు. మహామార్జని బూర ఊదింది. ఎర్రబడింది. దొరికినదల్లా తుడిచింది. చివరికి తననూ ఒక లోపంగా గుర్తించి తుడుచుకుంది. కంప్యూటర్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. మళ్లీ వేస్తే నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు.

"ఇప్పుడు నివేదికలో ఏం రాయమంటారండి?" అని సూర్యకళ అడిగింది.

కూర్మనాథం గారు నల్లతెరల వంక చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏముంది ఇందులో?" అన్నారు.

"ఏమీ లేదండి."

"లోపాలు?"

"వెతకడానికే లేదండి."

"అయితే శూన్యం అని రాయి తల్లీ. ఉన్నమాట రాస్తే నా పెన్షనుకి కూడా లోపమొస్తుంది."

సూర్యకళ శూన్యం అని రాసి పంపింది.

హెడ్డాఫీసులో అది చూసి గగ్గోలు పుట్టింది. లోపాలు అధికంగా తీసినవాళ్లను చూశారు గాని, తీయడానికి లోపమన్నదే మిగల్చని ఆఫీసును ఎవరూ ఎరగరు. కొత్తలంక ఆఫీసులో ఇంకా లోపాలున్నట్టు వాళ్ల నివేదికే ఒప్పుకుంటోంది కాబట్టి వాళ్లకు మెమో వెళ్లింది. నీలంరేవును 'సంపూర్ణ శుద్ధ కార్యాలయం'గా ప్రకటించి, సత్కరించడానికి కమిషనర్ గారు స్వయంగా బయల్దేరారు.

సరిగ్గా అదే సమయానికి వేట నిషేధం ఎత్తేశారు. అనుమతుల్లేని పడవలు ఒడ్డున వరసగా కూర్చుని ఉన్నాయి. ఎల్లాజీ సంచి సర్దుకుని, వదిన ముఖం చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున్నే నూకరత్నం రేవులోని పడవల వాళ్లందరినీ పోగుచేసుకుని ఆఫీసుకు వచ్చేసరికి అక్కడ షామియానా, నాదస్వరం.

కమిషనర్ గారు నల్లతెరల ముందు నడుస్తూ మురిసిపోయారు. "ఎంత నిర్మలంగా ఉన్నాయి! ఒక్క మచ్చ లేదు" అని ఒక తెరను వేలితో తాకి చూశారు. కూర్మనాథం గారి భుజాల మీద శాలువా కప్పారు. ఆయన తల దించుకున్నారు. అది వినయమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక నూకరత్నం జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది.

"బాబూ, దండాలు. మా పర్మిట్ల సంగతేటి సేసినారు?"

కమిషనర్ గారు కూర్మనాథం గారి వంక తిరిగారు. "ఎన్ని పడవల అనుమతులు పెండింగులో ఉన్నాయి?"

కంప్యూటర్లు పనిచేయడం లేదంటే భుజం మీది శాలువా తిరిగి ఇవ్వాలి. కూర్మనాథం గారు గొంతు సవరించుకున్నారు. "రికార్డు ప్రకారం శూన్యం సార్. ప్రస్తుతం రికార్డులో పడవలే లేవు."

"పడవలే లేనప్పుడు ఈవిడ సమస్య ఏమిటి?"

నూకరత్నానికి ఒళ్లు మండింది. "లేకపోడమేటి బాబూ? అదిగో, రేవులో ఆ నీలం రంగుది నాదే. మొన్ననే రంగేయించినాను. ఇక్కడినుంచి కనపడతాంది!"

"కంటికి కనపడటం వేరు, రికార్డుకు కనపడటం వేరు. రికార్డులో లేనిదాన్ని మండలి పడవగా గుర్తించజాలదు" అన్నారు కమిషనర్ గారు ఓర్పుగా.

"అయితే నాది పడవ కాదంతారు."

"అధికారికంగా కాదు."

నూకరత్నం చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూసింది. ఎల్లాజీ వెనకాల సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"బాబూ, తెలీకడుగుతాను. మీ పర్మిట్టు ఏటేటికి కావాల?"

"పడవలకు" అన్నారు భీష్మారావు గారు రూలు గుర్తున్నవాడు కాబట్టి. "సముద్రములో వేటకు వెళ్లు ప్రతి పడవకూ."

"పడవ కానిదానికి?"

నాదస్వరం వాళ్లు కూడా వింటున్నారు. భీష్మారావు గారు తడుముకున్నారు. "పడవ కానిదానికి... అక్కర్లేదు."

కమిషనర్ గారు ఆలోచించి తల ఊపారు. "తర్కం సరిగానే ఉంది. ఇందులో మండలికి అభ్యంతరం ఉండనవసరం లేదు."

"ఆ ముక్కే ఓ కాయితం మీద రాసి సీలేయించండి బాబూ, మీ కడుపు సల్లగుండా" అంది నూకరత్నం.

ప్రింటరు లేదు కాబట్టి సూర్యకళ షామియానా కింద కుర్చీ వేసుకుని చేత్తో రాసింది. "మైలపల్లి నూకరత్నం గారి స్వాధీనములో నీలంరేవు ఒడ్డున ఉన్న వస్తువు మండలి రికార్డుల ప్రకారము పడవ కాదనియు, అందుచే దానికి వేట అనుమతి అవసరము లేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." కూర్మనాథం గారు సంతకం పెట్టారు. నూకరత్నం వెనకాల తక్కిన పడవల వాళ్లు అప్పటికే వరస కట్టారు. ఎన్నో వారాల తర్వాత సూర్యకళకు పని చేసినట్టు అనిపించింది. రాసి రాసి వేళ్లు వాచినా ఆపలేదు. సాయంత్రం అయ్యేసరికి నీలంరేవులో అధికారికంగా ఒక్క పడవా లేదు, ఒడ్డున కూడా ఒక్కటీ మిగల్లేదు. అన్నీ సముద్రంలో ఉన్నాయి.

తర్వాత కూర్మనాథం గారికి ప్రమోషను వచ్చి హెడ్డాఫీసుకు వెళ్లిపోయారు. పట్నం నుంచి మెకానిక్కులు వచ్చి కంప్యూటర్లను మళ్లీ మొదటినుంచి కట్టుకొచ్చారు. పడవల వివరాలు ఉన్నవి ఉన్నట్టే దొరికాయి. శుద్ధి సాఫ్ట్‌వేర్లను ఇకమీదట కంప్యూటర్లలో ఎక్కించరాదని సూర్యకళ కొత్త అధికారికి నోటు పెట్టింది. అది పరిశీలనలో ఉంది.

ఇంతకీ పత్రాలు రాసిచ్చిన మర్నాడు పొద్దున, ఎల్లాజీ పడవ తీరానికి వచ్చేసరికి నూకరత్నం గంపలు పట్టుకుని నీళ్ల అంచున నిలబడి ఉంది. వంజరాలు, చందువాలు బాగా పడ్డాయి. గస్తీ తిరిగే హెడ్డు కానిస్టేబులు ఆదినారాయణ ఇసకలో బూట్లీడ్చుకుంటూ వచ్చాడు.

"పర్మిట్టు తియ్యి" అన్నాడు.

నూకరత్నం బొడ్లోంచి కాగితం తీసి ఇచ్చింది. అతను చదివాడు. పడవ వంక చూశాడు. మళ్లీ చదివాడు. సీలు గోకి చూశాడు. అసలుదే.

"ఇది పడవ కాదా?"

"కాదట బాబూ. పెద్దోరు వొచ్చి తేల్చినారు."

హెడ్డు చాలాసేపు ఆలోచించి, ఇందులో తాను చేయగలిగింది ఏమీ లేదని గ్రహించి, కాగితం మడిచి ఇచ్చేశాడు. అలవాటు కొద్దీ గంపలోకి వంగి ఒక పెద్ద వంజరాన్ని ఎత్తి పట్టుకున్నాడు.

"సరేలే. ఈ చేప నేను పట్టుకెల్తాను."

నూకరత్నం దాన్ని అతని చేతిలోంచి మెల్లగా తీసుకుని గంపలో పెట్టింది.

"పడవే కాందాన్లో పడ్డది, సేపెలగవుతాది బాబూ?"